బకెట్ల బాబాయి, తాళాలవాడి మెదడు

ఆ వైద్య కళాశాలలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. ప్రిన్సిపాల్ మొదలుకొని గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆయన బకెట్ల బాబాయే. కొత్తలో ఆ పేరు వింటే మూతి ముడుచుకునేవాడు. "నేనేమన్నా నీళ్ళు మోసేవాణ్ణా?" అని ఒకరిద్దరితో తగువు కూడా పెట్టుకున్నాడు. పెట్టుకుని ఏం లాభం? ఆయన గదిలో ఉన్నవి బకెట్లే మరి. తెల్లటి ప్లాస్టిక్ బకెట్లు, మూతలు బిగించి, గోడవారగా మూడు వరసలు. ఒక్కో బకెట్లో ఒక్కో మనిషి మెదడు.

అయ్యో, కంగారు పడకండి. అక్కడ జరిగేది ఘోరమేమీ కాదు. పోయినవాళ్ళకి ఏ జబ్బు ఉండేదో, ఎందుకు పోయారో తేల్చే విభాగం అది. తలలోంచి తీసిన మెదడు మెత్తగా ఉంటుంది. బల్ల మీద పెడితే తన బరువుకి తానే అణిగి చదునైపోతుంది. అందుకని దాని అడుగున ఉండే రక్తనాళం కిందుగా దారం దూర్చి, ఆ దారం కొసలు బకెట్ అంచుకి కట్టి, ఫార్మలిన్ మందులో తలకిందులుగా వేలాడదీయాలి. అడుగుకి తగలకూడదు, పక్కలకి ఒరగకూడదు. రెండు మూడు వారాల్లో గట్టిపడుతుంది. అప్పుడు పొడుగాటి కత్తితో పలకలుగా కోసి, కావలసిన చోట చిన్న ముక్క తీసి, మైనంలో పొదిగి, ఆ మైనం దిమ్మని యంత్రం మీద ఉల్లిపొర కన్నా పలచగా తరిగి, గాజు స్లైడు మీదికి ఎక్కించి రంగు వేయాలి. మైక్రోస్కోపులో చూసి పెద్ద పెద్ద మాటలు చెప్పేది డాక్టర్లు. ఆ ముందు పని అంతా బాబాయిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయనదే.

పనిలో బాబాయికి చాదస్తం ఉంది. కొత్తగా వచ్చిన డాక్టర్లు ఆ చాదస్తం చూసి వెనక నవ్వుకునేవాళ్ళు. ప్రతి దారానికీ ఒక అట్టముక్క కట్టాలి, దాని మీద నంబరు పెన్సిలుతోనే రాయాలి, ఎందుకంటే సిరా మందులో కరిగిపోతుంది. అదే నంబరు బకెట్ ఒంటికి కూడా రాయాలి. "మూతకి రాయకండి నాయనా. బకెట్ కదలదు, మూత తిరుగుతుంది" అని అందరికీ చెప్పేవాడు, రెండోసారి చెప్పేటప్పుడు కసిరేవాడు కూడా.

ఇంట్లో ఆయన భార్య ఉంది. కాలేజీ వాళ్ళందరికీ ఆవిడ పిన్ని. పిల్లల్లేరు. బాబాయి గుమ్మంలో అడుగు పెట్టగానే సబ్బు చేతికిచ్చి, "ముందు స్నానం, తర్వాత మాటలు" అనేది. ఎన్నిసార్లు రుద్దుకున్నా మందు వాసన పోయేది కాదు. "మీతో ఇన్నేళ్ళు కాపురం చేశాను, నేను పోయాక వందేళ్ళయినా చెక్కు చెదరను చూడండి" అని వేళాకోళం చేసేది. బాబాయి నవ్వేవాడు. ఆ ఇంట్లో అదొక్క సరదా, అది కూడా పాతబడిపోయింది.

ఇంతకీ చెప్పొచ్చేది తాళాలవాడి సంగతి. వాడు ఇంటింటికీ వెళ్ళి తాళాలు బాగుచేసేవాడు. పోయిన తాళంచెవికి మారుచెవి చేసిచ్చేవాడు. జనం వాణ్ణి నమ్మి తలుపు తీసేవాళ్ళు, మంచినీళ్ళిచ్చేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో ఏడుగురు ఆడవాళ్ళని చంపాడు. ఒక హత్యకీ ఇంకో హత్యకీ మధ్య మామూలుగా పనిలోకి వెళ్ళాడు, ఇంటికి కూరలు తెచ్చాడు, కూతురి పెళ్ళి చేశాడు. పట్టుబడ్డాక ఎందుకు చేశావంటే నోరు విప్పలేదు. జైల్లో నాలుగో ఏడు గుండె ఆగి పోయాడు.

మా మేడమ్ అని బాబాయి గొప్పగా చెప్పుకునే ప్రొఫెసర్ పదిహేనేళ్ళుగా ఇలాంటివాళ్ళ మెదళ్ళ మీదే పనిచేస్తోంది. మళ్ళీ మళ్ళీ చంపేవాడి తలలో ఏముంటుంది, మనకి లేనిది వాడికేమిటి, మనకున్నది వాడికి లేనిదేమిటి అన్నది ఆవిడ గొడవ. తాళాలవాడి మెదడు కావాలని ఆవిడ అడిగితే, సంతకం పెట్టాల్సింది వాడి కూతురు.

ఆ అమ్మాయి స్వయంగా వచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకి అద్దాలు బిగించే పని ఆమెది. భర్త ఆ కేసు బయటపడ్డ నెలలోనే చెప్పాపెట్టకుండా పోయాడు. ఇల్లు మారింది, వీధి మారింది, ఎవరైనా తండ్రి ఏం చేసేవాడని అడిగితే చిన్నప్పుడే పోయాడని చెప్పేది. మేడమ్ రావడం ఆలస్యమై బాబాయి గది బయట బెంచీ మీద కూర్చుంది. పోయినవాళ్ళ బంధువులతో మాట్లాడటం బాబాయికి అలవాటు లేదు, భయం కూడా. కానీ ఆ ముఖం చూసి ఉండబట్టలేక టీ తెచ్చిచ్చాడు.

"సంతకం పెడతానండీ" అంది ఆమె, టీ ముట్టకుండా. "నాకు ఒక్కటే కావాలి. ఆయన తలలో ఏముందో నాకు చెప్పాలి. నాకో పాప ఉంది, ఆరేళ్ళు. మొన్న గోడ మీద చీమల్ని వేలితో ఒక్కొక్కటే నలుపుతోంది. పిల్లలందరూ చేసేదే కదా అంటారు పక్కింటివాళ్ళు. పిల్లలందరి తాతా మా నాన్న కాదు కదండీ."

"చెబుతారమ్మా, మేడమ్ తప్పకుండా చెబుతారు" అన్నాడు బాబాయి.

మెదడు వచ్చింది. దానితో పోల్చి చూడటానికి అదే వయసున్న మామూలు మనిషి మెదడు ఇంకొకటి కావాలి కదా, అదే వారం అదీ దొరికింది. సెలూన్ నడిపే ఒకాయన ఊపిరితిత్తుల జబ్బుతో పోతూ, తన మెదడు కాలేజీకి ఇమ్మని రాసిపెట్టాడట. రెండు కొత్త బకెట్లు, రెండు దారాలు, పక్కపక్కనే.

ఏడు నెలల తర్వాత మేడమ్ ఆ అమ్మాయిని పిలిపించింది. స్లైడులు మోసుకొచ్చిన బాబాయి కూడా అక్కడే నిలబడ్డాడు.

"నుదుటి వెనక, కనుగుడ్ల పైన ఉండే ఈ భాగం మనిషికి బ్రేకు లాంటిదమ్మా" అంది మేడమ్, ప్లాస్టిక్ బొమ్మ మీద వేలు పెట్టి. "కోపం, కసి అందరికీ పుడతాయి. వద్దు, ఆగు అని లోపల్నుంచి చెప్పేది ఇది. మీ నాన్నకి కుడివైపు ఇక్కడ పాత మచ్చ ఉంది. చిన్నతనంలో తలకి గట్టి దెబ్బ తగిలి ఉండాలి. పుట్టుకతో వచ్చింది కాదు, రక్తంలో దిగేది కాదు. ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను గానీ..."

ఆ చివరి మాట ఆ అమ్మాయి చెవిన పడలేదు. బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎవరు కొట్టారో ఏమో మా నాన్నని! చిన్నపిల్లాణ్ణి పట్టుకుని ఎలా కొట్టారో!" అంది. పట్టుబడ్డాక ఇన్నేళ్ళలో తండ్రి కోసం ఆమె ఏడవడం అదే మొదలు.

పత్రికలు ఊరుకుంటాయా? 'హంతకుడి తలలో బ్రేకు ఫెయిల్' అని వేసుకున్నాయి. మేడమ్ వ్యాసం పెద్ద సైన్సు పత్రికలో వచ్చింది. ఆ అమ్మాయి మనిషే మారిపోయింది. నెలకోసారి కాలేజీ వైపు వచ్చి బాబాయిని పలకరించి వెళ్ళేది. అటక మీద మూట కట్టి పడేసిన తండ్రి ఫోటో తీసి తుడిచానని చెప్పింది. పాప వెనక కాపలా కాయడం మానేశానంది. "హాయిగా నిద్రపడుతోంది బాబాయ్ గారూ" అంది. ఒకసారి ఆయన కళ్ళజోడు లాక్కుని చూసి, "ఇన్ని గీతలతో మీరు చూసేది మెదడా, పొగమంచా?" అని వెక్కిరించి, వారం తిరక్కుండా కొత్త అద్దాలు బిగించి తెచ్చింది.

ఆ కొత్త అద్దాలతోనే చదివాడు, ఖర్మ కాకపోతే.

విభాగంలో పాత కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. బాబాయి పోస్టుమార్టం కాగితాలు వరసపెట్టి సర్దుతుంటే సెలూన్ ఆయనది చేతికొచ్చింది. పోలిక కోసం తెచ్చిన మామూలు మనిషి కాగితం ఎవరు చదువుతారు? మేడమ్ చదవలేదు, బాబాయీ చదవలేదు. అందులో పుర్రె గురించి ఒక్క వాక్యం ఉంది. 'నుదుటి ఎముక, కుడివైపు, లోపల పాత పగులు, అతుక్కున్నది.' బాబాయి గబగబా తాళాలవాడి కాగితం వెతికి తీశాడు. 'పుర్రెలో ఏ లోపమూ లేదు.'

పుర్రె పగిలింది ఒకరికీ, దాని కింద మెదడులో మచ్చ ఇంకొకరికీనా?

బెంచీ మీద కూలబడి ఆ వారమంతా గుర్తు చేసుకున్నాడు. స్టోరులో అట్టముక్కలు అయిపోయాయి, గుమాస్తా రేపు రేపు అంటూ తిప్పాడు. కొత్తగా వచ్చిన బకెట్ల నున్నటి ప్లాస్టిక్ మీద ఏ పెన్నూ పట్టలేదు. పాత మూతలు గరుకుగా ఉంటే, రెండు రోజులే కదా అని వాటి మీద రాశాడు. ముప్పై ఏళ్ళు ఊరందరికీ వద్దని చెప్పిన పని! ఏడో రోజు మందు మార్చాల్సి వచ్చింది. గాలి లాగే ఫ్యాను పాడైపోయి ఉంది. ఫార్మలిన్ ఆవిరికి కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే, ఊపిరి బిగబట్టి ఒకే దెబ్బలో పని అయిపోగొడదామని రెండు మూతలూ ఒకేసారి తీశాడు. మందు పోశాడు. వసారాలోకి పరిగెత్తి గాలి పీల్చుకొచ్చి, మూతలు పెట్టాడు. ఏది దేనికి పెట్టాడో ఇప్పుడు తెలిసింది.

ఆ రోజు ఇంటికి వెళ్ళి, సబ్బు తీసుకోకుండా గుమ్మంలోనే చెప్పేశాడు పిన్నికి. ఆవిడ సబ్బు పక్కన పెట్టి గడప మీద కూర్చుంది.

"ఎవరికీ చెప్పకండి" అంది. "పోయినవాళ్ళిద్దరూ పోయారు. బతికున్న ఆ పిల్ల ఇప్పుడిప్పుడే కంటినిండా నిద్రపోతోంది. ఆ నిద్ర చెడగొట్టి మీరు బావుకునేదేమిటి?"

"మరి ఆ సెలూన్ ఆయన?"

"ఆయనకేం పోయింది?"

నిజమే, ఆయనకేం పోయిందో బాబాయికీ తెలియదు. అది తెలుసుకోవడానికే ఆదివారం పొద్దున కాగితంలో ఉన్న చిరునామా పట్టుకుని వెళ్ళాడు. లోపల ఎక్కడో చిన్న ఆశ, ఆ పగులు రాసినవాడి పొరపాటేమోనని.

సెలూన్ ఇప్పుడు ఎవరో అద్దెకి నడుపుతున్నారు. వెనక గదిలో ఆయన భార్య ఉంది. కాలేజీ నుంచి వచ్చానని చెబితే కుర్చీ తుడిచి వేసింది. ఆయనకి చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలిందా అని బాబాయి నసుగుతూ అడిగాడు.

"తగలడమేమిటి బాబూ, చావుదప్పింది. ఏడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఇనప కమ్మీతో కొట్టాట్ట. అప్పట్నుంచీ ఆ కోపం. ఆయన కోపంలా ఉండేది కాదు, ఎక్కడ్నుంచో వచ్చి మీద పడేది. చేతిలో కత్తి, ఎదురుగా మనిషి గొంతు! ఎన్నేళ్ళు నేను ఈ తలుపు దగ్గర నిలబడి వణికానో."

"ఎవరినైనా..." బాబాయి మాట మింగేశాడు.

"ఒక్కరికీ గాటు పడలేదు. కోపం వస్తోందని తెలియగానే కత్తి నీళ్ళ గిన్నెలో పడేసి బయటికి పోయేవాడు. వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వచ్చేవాడు. సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు మొహాన నురగతో అలాగే కూర్చుని ఉండేవాళ్ళు. 'ఏమ్మా, మీ ఆయన షికారుకెళ్ళాడా?' అని నవ్వేవాళ్ళు. కొన్ని రోజులైతే మూడేసి సార్లు వెళ్ళేవాడు. రాత్రి పడుకునేముందు ఒళ్ళంతా నెప్పులనేవాడు, ఆ కోపాన్ని పట్టుకుని పట్టుకునే." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా తలలో ఏముందో ఎవరైనా చూసి చెబితే బాగుండుననేవాడు. అందుకే మీకిమ్మన్నాడు. ఏమైనా కనపడిందా బాబూ?"

మేడమ్‌కి చెప్పకుండా ఎవరికీ ఏమీ చెప్పకూడదన్నది నియమం. బాబాయి ఆవిడ ముఖం చూశాడు.

"కనపడిందమ్మా. పెద్ద మచ్చ ఉంది. ఆ దెబ్బదే."

"అయితే ఆ కోపం ఆయన తప్పు కాదన్నమాట" అంది ఆవిడ. అని రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఇక దాచే వీలు లేదు. సోమవారం పొద్దున్నే బాబాయి మేడమ్ బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. ఆవిడ చదివింది. మళ్ళీ చదివింది. ఆవిడ ముఖం పాలిపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"కొంప ముంచావు బాబాయ్" అంది. "పదిహేనేళ్ళు. పదిహేనేళ్ళకి నాకు కనపడింది ఆ ఒక్క మచ్చ. బయటికి పో. ముందు నా కళ్ళ ముందు నుంచి పో."

మూడు రోజులు ఆవిడ తలుపు వేసుకుని రెండు పెట్టెల స్లైడులూ మొదట్నుంచీ చూసింది. నాలుగో రోజు బాబాయిని పిలిచింది. మనిషి చిక్కిపోయింది గానీ కోపం దిగింది.

"తాళాలవాడి మెదడు మూడుసార్లు చూశాను. బ్రేకు బాగుంది. ఎదుటివాడి ముఖంలో భయాన్ని పోల్చుకునే బాదంగింజంత ముక్క ఉంటుందే, అదీ బాగుంది. పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు, అంత చక్కగా ఉంది. నాకు కనపడనిది ఇంకేమైనా ఉందేమో, ఏ పరికరానికీ అందనిది. ఉందని మాత్రం నేను చెప్పలేను." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రాసేశాను. నీ మీద విచారణ తప్పదు."

"తప్పదు మేడమ్."

"ఈ వారమే పేపర్లో వస్తుంది. ఆ అమ్మాయి పేపర్లో చదవకూడదు. మంచి మాట చెప్పింది నేను, ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలడం లేదు బాబాయ్. నిజం."

"తప్పు నాది. నేనే వెళతాను" అన్నాడు.

మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపులో ఎవరూ లేరు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర చిన్న బల్ల ముందు కూర్చుని, ఒక ఫ్రేముకి సూదిమొనంత స్క్రూ బిగిస్తోంది. బాబాయిని చూసి ముఖం వెలిగింది. "రండి రండి, అద్దాలు అప్పుడే గీశారా?" అంది.

బాబాయి కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. అట్టముక్కలు, మూతలు, ఫ్యాను, ఆ బిగబట్టిన ఊపిరి, అన్నీ చెప్పాడు. సెలూన్ ఆయన సంగతి చెప్పాడు. తనని తిట్టమన్నాడు. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది.

"అంటే మా నాన్న తలలో..."

"ఏమీ లేదమ్మా. మేడమ్ మూడుసార్లు చూశారు."

"దెబ్బ లేదు."

"లేదు."

"జబ్బు లేదు."

బాబాయి తల అడ్డంగా ఊపాడు. దారి పొడుగునా ఆమెకి చెప్పాలని కూడబలుక్కున్న మాట ఒకటుంది, అది గబగబా చెప్పేశాడు. "పాప గురించి నువ్వు భయపడకు తల్లీ. తలలో అంత పెద్ద మచ్చ ఉన్నవాడే జీవితమంతా తనని తాను ఆపుకుంటూ వచ్చాడు. మనిషి ఆపుకోగలడు. అదే నేను చెప్పేది. మనిషి అనుకుంటే ఆపుకోగలడు."

ఆమె ఆయన వైపే చూస్తోంది గానీ ఆయన్ని చూడటం లేదు.

"మా నాన్న మా మీద ఒక్కనాడూ చెయ్యెత్తలేదండీ" అంది, మెల్లగా. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆడుకుంటూ ఆయన పనిముట్ల పెట్టె మేడ మెట్ల మీంచి పడేశాను. తాళంచెవులన్నీ వీధిలోకి చెల్లాచెదురైపోయాయి. ఆయన ముఖం ఎర్రగా అయిపోయింది, మెడ నరాలు ఉబ్బాయి. నాకు ఇంకా కనిపిస్తోంది. ఇవాళ చచ్చాననుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు... పది దాకా. తర్వాత కళ్ళు తెరిచి నవ్వి, 'రా, ఇద్దరం ఏరుదాం' అన్నాడు."

వీధిలో బస్సు ఏదో ఆగి వెళ్ళింది. ఆమె స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఆయనకి లెక్కపెట్టడం వచ్చండీ" అంది. "ఆ ఏడుగురి దగ్గర లెక్కపెట్టలేదంతే."